రక్షణ మంత్రి గారికి: పరాయి గడ్డకు సైన్యాన్ని పంపే ముందు పార్లమెంటును అడగండి

గౌరవనీయులైన కేంద్ర రక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను సైనికుణ్ణి కాను, విదేశీ వ్యవహారాల నిపుణుణ్ణి అంతకన్నా కాను. చిత్తూరులో మాజీ సైనికులకూ, వారి భార్యలకూ పెన్షన్ దరఖాస్తులు నింపిపెడుతూ వయసు మళ్ళినవాణ్ణి. నవంబరు వచ్చిందంటే లైఫ్ సర్టిఫికెట్ల కోసం నా బల్ల ముందు బారు తీరుతారు. సైన్యం నుంచి వచ్చాక సేద్యంలో దిగిన చేతులు వాళ్ళవి. గీతలు అరిగిపోయిన ఆ వేళ్ళను వేలిముద్రల యంత్రం ఒక పట్టాన ఒప్పుకోదు. తడిగుడ్డతో తుడిచి, కాసేపు ఆరబెట్టి, ఒక్కో వేలూ మార్చి చూస్తాం. అలా కూర్చున్నప్పుడు వాళ్ళు చెప్పుకున్న సంగతులు, వాళ్ళ డిశ్చార్జి పుస్తకాల్లో చదివిన ఊళ్ళ పేర్లు, ఈ లేఖ రాయడానికి నాకున్న అర్హత అంతే.

పశ్చిమాసియాలో ఎప్పుడు బాంబులు పడినా మన టీవీ చర్చల్లో ఒక కోరిక బయలుదేరుతుంది. భారత్ పెద్ద శక్తి అయింది, ఇంకా గట్టు మీద నిలబడి చూస్తే ఎలా, మన సైన్యం కూడా బయటికి వెళ్ళి సత్తా చూపాలి అని. అలా అనేవాళ్ళలో ఎవరి కొడుకూ బారక్కులో పడుకోవడం లేదని నా అనుమానం. అది పక్కన పెట్టండి. తమరు ఆ కేకలు విని నిర్ణయాలు తీసుకోరనే నమ్ముతాను. కానీ ఒక మిత్రదేశం పట్టుబట్టి అడిగిన రోజున, ఎన్నికలు దగ్గరపడిన రోజున, ఆ కేకే విధానం కాకుండా ఆపే కట్టుబాటు మన చట్టాల్లో ఏదీ లేదు. అందుకే తొందర ఏమీ లేనప్పుడే రాస్తున్నాను. తొందర మొదలయ్యాక రాసే ఉత్తరాలు ఎవరూ చదవరు.

ఆ ఉత్సాహంతోనే మనం ఒకసారి వెళ్ళాం. శ్రీలంకలో ప్రభుత్వానికీ తమిళ తిరుగుబాటుదారులకూ మధ్య సాగుతున్న పోరు ఆపడానికని 1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. మర్నాడు గౌరవ వందనం స్వీకరిస్తున్న మన ప్రధానిని వరుసలో నిలబడ్డ శ్రీలంక నావికుడొకడు తుపాకీ తిరగేసి కొట్టాడు. ఆయన చటుక్కున వంగడంతో తల తప్పి దెబ్బ భుజాన పడింది. ఆ దేశంలో మన రాకను ఎందరు ఎలా చూస్తున్నారో తెలుసుకోవడానికి వేరే గూఢచారి నివేదిక అక్కరలేదు. అయినా భారత శాంతి పరిరక్షక దళం ఉత్తరాన తమిళులుండే జాఫ్నాలో దిగింది.

పలమనేరు వైపు నుంచి వచ్చే ఒక మాజీ సైనికుడు అప్పుడు అక్కడ ఉన్నాడు. మా సరిహద్దు మండలాల వాళ్ళకు తమిళం ఇంటి భాషతో సమానం కాబట్టి, తనిఖీలప్పుడు అతన్నే ముందుకు నెట్టేవారట. అతను చెప్పింది ఇది: "ఆగస్టులో మా లారీల మీద పూలు చల్లారు సార్. ఒక ముసలమ్మ బోండాం కొట్టించి చేతికిచ్చి, మా వాళ్ళు వచ్చేశారు నాయనా అంది. అక్టోబరు దాటాక అదే వీధిలో సోదాకు వెళ్ళాం. ఆ తలుపు నేనే తట్టాల్సి వచ్చింది. తీసింది, నా ముఖంలోకి చూసింది, ఎప్పుడు పోతారు అని ఒక్క మాట అడిగింది. ఏమంటోందిరా అన్నారు మా అధికారి. ఏమీ లేదు సార్ అన్నాను."

ఎవరిని కాపాడాలని వెళ్ళామో వాళ్ళ ఇళ్ళే సోదా చేసే దాకా రావడానికి కొద్ది నెలలే పట్టింది. ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడే ఎల్‌టీటీఈ ఆయుధాలు అప్పగిస్తుందనుకున్నాం, అప్పగించలేదు. పోరు మొదలైతే కొద్ది రోజుల పని అనుకున్నాం. అక్టోబరు 11 రాత్రి, ఆ సంస్థ నాయకులను పట్టుకోవాలని జాఫ్నా విశ్వవిద్యాలయం మైదానంలో హెలికాప్టర్ల నుంచి మనవాళ్ళను దించారు. మన రేడియో మాటలు అవతలివాళ్ళు ముందే విని కాచుకుని ఉన్నారు. సిక్ లైట్ ఇన్‌ఫాంట్రీ నుంచి అక్కడ దిగినవాళ్ళు 30 మంది. 29 మంది చనిపోయారు, మిగిలిన ఒక్కడు బందీగా చిక్కాడు. అదే నెల 21న జాఫ్నా ఆసుపత్రిలోకి మన దళాలు ప్రవేశించినప్పుడు జరిగిన కాల్పుల్లో డాక్టర్లు, నర్సులు, మంచాల మీది రోగులు ప్రాణాలు కోల్పోయారు. మన సైనికుల త్యాగం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి దాచిపెట్టడం న్యాయం కాదు. నవంబరులో మేజర్ రామస్వామి పరమేశ్వరన్ నేలకొరిగారు. ఆయనకు పరమవీర చక్ర ఇచ్చాం.

ఒక దశలో 70 వేల మందికి పైగా సైనికులు ఆ దీవిలో ఉన్నారు. పొరుగింటి తగవు తీర్చడానికి వెళ్ళి ఆ ఇంట్లోనే కాపురం పెట్టినవాడిలాగ, ఎందుకు వచ్చామో చెప్పలేక, వచ్చినవాళ్ళం వెళ్ళలేక ఉండిపోయాం. జయవర్ధనే తర్వాత గద్దెనెక్కిన ప్రేమదాస మనల్ని వెళ్ళిపొమ్మని గడువు పెట్టడమే కాదు, ఆయన ప్రభుత్వం మనతో పోరాడుతున్న ఎల్‌టీటీఈకే ఆయుధాలు అందించింది. 1990 మార్చి 24న చివరి దళం ఓడ ఎక్కింది. అప్పటికి 1,100 మందికి పైగా మనవాళ్ళు చనిపోయారు. చెన్నై రేవులో స్వాగతం పలకడానికి ఆనాటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్ళలేదు. తమిళులను చంపి వచ్చిన సైన్యానికి స్వాగతమా అన్నది అక్కడి భావన. సింహళీయులకు కానివాళ్ళమయ్యాం, తమిళులకు కానివాళ్ళమయ్యాం. కొలంబో వాళ్ళు తర్వాత మన సైనికుల పేర్లు చెక్కి స్మారకం కట్టారు, అది వాళ్ళ సంస్కారం.

1991 మే 21న విశాఖపట్నంలో ప్రచారం ముగించుకుని విమానమెక్కిన రాజీవ్ గాంధీ ఆ రాత్రే శ్రీపెరుంబుదూరులో ఎల్‌టీటీఈ చేతిలో హత్యకు గురయ్యారు. చిత్తూరు నుంచి రాణిపేట, కాంచీపురం మీదుగా చెన్నై వెళ్ళే దారిలోనే ఉందా ఊరు. పరాయి దేశంలో మొదలుపెట్టిన యుద్ధం అక్కడే ఆగిపోతుందని ఎవరైనా అంటే, మా జిల్లావాళ్ళకు ఆ దారి గుర్తుకొస్తుంది.

సైన్యం ఎప్పుడూ గడప దాటకూడదని నా వాదన కాదు. 1988 నవంబరు 3న మాల్దీవుల్లో కిరాయి ముఠా ఒకటి ప్రభుత్వాన్ని కూల్చబోతే, అధ్యక్షుడు గయూమ్ సాయం కోరారు. అదే రాత్రి ఆగ్రా నుంచి లేచిన విమానాలు అక్కడి విమానాశ్రయమున్న హుల్హులే దీవిలో దిగాయి. తెల్లవారేలోగా ఆయన క్షేమంగా ఉన్నారు. ఓడలో పారిపోతున్నవాళ్ళను మన నావికాదళం వెంటాడి పట్టుకుంది. పిలిచినవాడు ఎవరో తెలుసు, చేయవలసిన పని తెలుసు, ముగిసిందని ఎలా తెలుస్తుందో కూడా తెలుసు. జాఫ్నాకు ఈ మూడింటిలో ఏదీ లేదు. ఐక్యరాజ్యసమితి నీలి టోపీల కింద దశాబ్దాలుగా మన సైనికులు చేస్తున్న సేవ కూడా వేరే కోవది, దాన్ని ఈ వాదనలోకి లాగను.

అంత మేలు చేసిన మాల్దీవుల్లోనే తర్వాత ఏమైందో తమకు తెలియనిది కాదు. రెండు హెలికాప్టర్లు, ఒక డోర్నియర్ విమానం నడపడానికి అక్కడ మన సిబ్బంది వంద మంది కూడా లేరు. చేసిందంతా రోగులను దీవుల నుంచి ఆసుపత్రికి చేర్చడం, సముద్రంలో తప్పిపోయినవాళ్ళను వెతకడం. అయినా 2023 ఎన్నికల్లో 'ఇండియా అవుట్' అన్న నినాదమే అధ్యక్షుడిగా గెలిచిన ముయిజ్జుకు ఊపు తెచ్చింది. 2024 మే నెలలోగా యూనిఫాం వేసుకున్న ప్రతి ఒక్కరూ వెనక్కి రావలసి వచ్చింది. వాళ్ళ స్థానంలో మామూలు దుస్తుల్లో సాంకేతిక సిబ్బంది వెళ్ళారు. హెలికాప్టర్లు అవే, పనీ అదే. అదే ఏడాది అక్టోబరులో ముయిజ్జు ఢిల్లీకి వచ్చారు, 40 కోట్ల డాలర్ల కరెన్సీ మార్పిడి ఒప్పందంతో తిరిగి వెళ్ళారు. శ్రీలంక సంగతీ అంతే. 2022లో ఆ దేశం దివాళా తీసి పెట్రోలు బంకుల ముందు జనం రోజుల తరబడి నిలబడినప్పుడు మనం దాదాపు 400 కోట్ల డాలర్ల మేర ఆదుకున్నాం. డీజిలు వెళ్ళింది, మందులు వెళ్ళాయి, బియ్యం వెళ్ళింది. 70 వేల మంది సైనికులు సంపాదించలేని మంచిపేరు డీజిలు ట్యాంకర్లు సంపాదించాయి.

చైనా వస్తోంది కదా, మనం చేతులు కట్టుకుని కూర్చోవాలా అని అడుగుతారు. సరైన ప్రశ్నే. హంబన్‌తోట రేవు 2017లో 99 ఏళ్ళ లీజుకు చైనా కంపెనీ చేతికి వెళ్ళింది. దాని కోసం చైనా ఒక్క సైనికుణ్ణీ దింపలేదు, ముందు అప్పు పంపింది. దానికి జవాబు కూడా అప్పులోనే ఉంటుంది, రేవుల్లో, కరెంటు తీగల్లో, చదువుకోవడానికి వచ్చే కుర్రాళ్ళకిచ్చే సీట్లలో ఉంటుంది. సైనికులు కావలసిన చోటు వేరే ఉంది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో మనవాళ్ళు 20 మంది చనిపోయారు. వాళ్ళకు నాయకత్వం వహించిన కల్నల్ సంతోష్ బాబుది సూర్యాపేట. ఆ సరిహద్దు ఇంకా అక్కడే ఉంది, అటు పక్క మరో సరిహద్దూ ఉంది. రెండు వైపులా కాపలా కాయవలసిన సైన్యం మూడో ఖండంలో కీర్తి కోసం వెతుక్కోనవసరం లేదు.

మన పొరుగు భద్రతలో మొదట చూడవలసింది సముద్రం. మా దగ్గర జూన్, జులైలలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి మామిడి ట్రాక్టర్లు రోడ్డు పొడవునా ఆగిపోతాయి. డ్రైవరు బండి కిందే నిద్రపోతాడు, పైన కాయ మెత్తబడిపోతుంటుంది, రైతు ఫోనులో ఎవరినో బతిమాలుతుంటాడు. 2025లో ధర పడిపోతే, కిలోకు 8 రూపాయలు ఫ్యాక్టరీలు, 4 రూపాయలు ప్రభుత్వం ఇచ్చేటట్టు రాష్ట్రం నిర్ణయించవలసి వచ్చింది. అంతకుముందు ఏడాది గుజ్జు నిల్వలు అమ్ముడుపోకపోవడం అందుకు పెద్ద కారణం. ఇదంతా యుద్ధం వల్లే అంటే అబద్ధమవుతుంది, దళారుల సంగతి కూడా నాకు తెలుసు. కానీ ఆ గుజ్జు డ్రమ్ములు గల్ఫ్‌కూ యూరప్‌కూ వెళ్ళేది ఓడల్లో. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో యెమెన్ తిరుగుబాటుదారులైన హౌతీలు ఓడలను కొట్టడం మొదలుపెట్టాక యూరప్ ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగవలసి వచ్చింది. రెండు వారాల ప్రయాణం పెరిగింది, కిరాయి పెరిగింది. యెమెన్ ఎక్కడుందో తెలియని బంగారుపాళెం రైతు తోట మీద కూడా ఆ భారం కొంత పడింది.

అప్పుడు తమ శాఖ చేసిన పని నాకు నచ్చింది, ఆ మాట దాచుకోను. అమెరికా నాయకత్వంలో ఏర్పడిన నౌకాదళ కూటమిలో మనం చేరలేదు. హౌతీల మీద బాంబులు వెయ్యలేదు. మన ఓడలను మన ఆజ్ఞల మీదే అరేబియా సముద్రంలో తిప్పాం. 2024 మార్చిలో సోమాలీ దొంగలు ఎత్తుకుపోయిన ఎం.వి. రుయెన్ అనే ఓడను మన తీరానికి దాదాపు 2,600 కిలోమీటర్ల దూరంలో ఐఎన్ఎస్ కోల్‌కతా అడ్డగించింది. విమానం నుంచి మార్కోస్ అనే నౌకాదళ కమాండోలు సముద్రంలోకి దూకారు. 35 మంది దొంగలు లొంగిపోయారు, 17 మంది నావికులు గాయం లేకుండా బయటపడ్డారు. సత్తా చూపాలనే వాళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి? ఆ నౌకాదళం మాట్లాడుకోవడానికి 2025 నవంబరు 2న మా పక్కనే, తిరుపతి జిల్లా శ్రీహరికోట నుంచి 4,400 కిలోల సీఎంఎస్-03 ఉపగ్రహం పైకి వెళ్ళింది. సూళ్ళూరుపేటలో జనం మేడలెక్కి చూసే ఆ వెలుగుల్లో ఇలాంటివీ ఉంటాయి. ఖర్చు పెట్టదలిస్తే అక్కడ పెట్టండి.

సముద్రం తర్వాత మనుషులు. గల్ఫ్ దేశాల్లో సుమారు 90 లక్షల మంది భారతీయులున్నారు. మా పీలేరు వైపు నుంచి, పక్కనే ఉన్న రాయచోటి, రాజంపేటల నుంచి కువైట్‌కు మనిషిని పంపని వీధి అరుదు. మగవాళ్ళు డ్రైవర్లుగా, ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనికి. 1990 ఆగస్టులో సద్దాం హుస్సేన్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షా 70 వేల మందికి పైగా మనవాళ్ళను వెనక్కి తెచ్చుకున్నాం. ఎక్కువ మంది ఎడారి దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాలు ఎక్కారు. ఇరాక్ దారి ఇచ్చింది కాబట్టే ఆ పని సాధ్యమైంది. 2015లో యెమెన్ మీద సౌదీ విమానాలు బాంబులు వేస్తుంటే, రాజధాని సనాలో దిగడానికి ఎయిర్ ఇండియాకు సౌదీ సమయం కేటాయించింది, నేల మీద హౌతీలు అడ్డుపడలేదు. 4,600 మందికి పైగా భారతీయులతో పాటు 41 దేశాల వాళ్ళు 960 మంది మన చేతుల మీదుగా బయటపడ్డారు. సాయం కావాలని పెద్ద పెద్ద దేశాలు మనకు అర్జీ పెట్టుకున్నాయి. ఆ రోజు మన దళం ఒకటి ఏదో ఒక పక్షాన మోహరించి ఉంటే రెండు వైపులవాళ్ళూ దారి ఇచ్చేవారా? యజమాని ఇంట్లో పాస్‌పోర్టు చిక్కుకుపోయిన మా పీలేరు ఆడపడుచును ఏ సైన్యం వెళ్ళి తీసుకురాగలదు?

2003లో అమెరికా ఇరాక్‌కు ఒక డివిజను, అంటే సుమారు 17 వేల మందిని పంపమని కోరినప్పుడు ఇలాంటి లెక్కే ఢిల్లీలో ఎవరో వేసి ఉండాలి. పంపితే అగ్రరాజ్యం సరసన కూర్చోవచ్చని వాదించినవాళ్ళు పత్రికల్లో, ప్రభుత్వంలో కూడా ఉన్నారు. వాజ్‌పేయి ప్రభుత్వం జులైలో కాదని చెప్పింది. ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం ఉంటే పరిశీలిస్తామంది, అంతే. తర్వాత ఫలూజాలో, బస్రాలో ఏం జరిగిందో లోకమంతా చూసింది. ఆ 17 వేల మందిలో మా జిల్లావాళ్ళు ఎందరుండేవారో, వాళ్ళ భార్యలు ఎందరు నా బల్ల ముందుకు వచ్చేవారో అని నేను అప్పుడప్పుడూ అనుకుంటాను.

అయితే ఆ మంచి నిర్ణయం కూడా నాలుగు గోడల మధ్యే జరిగింది. 1987లో చెడ్డ నిర్ణయం ఎలా జరిగిందో అలాగే. మన రాజ్యాంగం ప్రకారం సైన్యాన్ని విదేశాలకు పంపడానికి పార్లమెంటు అనుమతి తప్పనిసరి కాదు. మంత్రివర్గం చాలు. జర్మనీలో పార్లమెంటు ఒప్పుకోనిదే సైన్యం పోరుకు గడప దాటదు. బ్రిటన్‌లో 2013 ఆగస్టు 29న సిరియా మీద దాడికి ప్రధాని కామెరాన్ అనుమతి అడిగితే 285 మంది వద్దన్నారు, 272 మంది సరే అన్నారు. ఆయన ఊరుకున్నారు. ఓటింగు పెడితే వివేకం దానంతట అదే వస్తుందని చెప్పను. ఇరాక్ యుద్ధానికి 2003లో అదే సభ ఓటేసింది. కాకపోతే తర్వాత విచారణ జరిగింది, 2016లో నివేదిక అందరి చేతికీ వచ్చింది, ఎవరు ఏ మాట చెప్పి యుద్ధానికి తీసుకెళ్ళారో రాతపూర్వకంగా తేలింది. జాఫ్నా విషయంలో మనకు అలాంటి విచారణ ఏది?

మాల్దీవుల్లో లాగా రాత్రికి రాత్రి వెళ్ళవలసిన పనులకు సభను పిలిచే వ్యవధి ఉండదని తమ అధికారులు అంటారు. నిజమే, వాటికి మినహాయింపు ఇవ్వండి. వెళ్ళిన కొద్ది రోజుల్లో సభకు చెప్పాలని, నెల దాటి ఉండవలసి వస్తే ఓటు అడగాలని రాసుకోండి. ఎందుకు వెళ్తున్నారు, ఏది జరిగితే తిరిగి వస్తారు అన్న రెండు ప్రశ్నలకు జవాబు అందులో ఉండాలి. ఆ జవాబు రాయలేకపోతే పంపకూడదు.

ఇంకో కొత్త చిక్కు కూడా ఉంది. 2022 నుంచి సైన్యంలో చేరే కుర్రాళ్ళు అగ్నివీరులు. నాలుగేళ్ళ కొలువు, నలుగురిలో ఒకరికే కొనసాగింపు, మిగిలినవాళ్ళకు పెన్షన్ లేదు. చనిపోతే బీమా డబ్బు, పరిహారం వస్తాయి కానీ కుటుంబ పెన్షన్ ఉండదు. ఆ పథకం మంచిచెడ్డలు ఇక్కడ చర్చించను. కానీ 20 ఏళ్ళ అగ్నివీరుణ్ణి మన సరిహద్దు కాని చోట, మన యుద్ధం కాని యుద్ధంలో నిలబెట్టే ప్రతిపాదన ఏనాడైనా తమ బల్ల మీదికి వస్తే, అతని తల్లి కోసం నేను నింపగల పెన్షన్ దరఖాస్తు అంటూ ఏదీ లేదని గుర్తుంచుకోండి.

తమ కార్యాలయం నుంచి అందినట్టు రసీదు వస్తుంది, అది నాకు అలవాటే. అందుకని ఈ లేఖ ప్రతులను చిత్తూరు, తిరుపతి లోక్‌సభ సభ్యులకు కూడా పంపుతున్నాను. భారత శాంతి పరిరక్షక దళం నిర్ణయాల మీద విచారణ పత్రాలు ఉంటే సభ ముందు పెడతారా, విదేశాలకు సైన్యాన్ని పంపడంపై పార్లమెంటు అనుమతి కోసం బిల్లు తెస్తారా అన్న రెండు ప్రశ్నలను రాబోయే సమావేశాల్లో అడగమని వారిని కోరాను. వారు అడిగితే, జవాబు నాకు కాదు, సభకే ఇవ్వండి.

ఇట్లు,
చిత్తూరు నుంచి
మాజీ సైనికుల దరఖాస్తులు రాసే ఒక పౌరుడు